ఆరూ అయిదుకి తెరిచే పేజీ

పొట్టి ఆ పేజీని అరవయ్యో లైను దాకానే చదివింది. మొత్తం నాలుగు వందల పన్నెండు లైన్లు. ఆ వారమంతా జరిగిన రభస మిగిలిన మూడు వందల యాభై రెండు లైన్లలోనే ఉంది. కానీ ఆ సోమవారం ఉదయం ఆమెకు ఓపిక లేదు, తీరిక లేదు. ఉన్నమాట చెప్పుకోవాలంటే వినయమూ లేదు.

రక్తకేంద్రం వెబ్‌సైటును పాత సర్వరు నుంచి కొత్తదానికి మార్చడం ఆమె పని. పాతది మెట్ల కింద గదిలో, విరిగిన సెలైన్ స్టాండ్ల మధ్య పదకొండేళ్ళుగా గురక పెడుతున్న పెట్టె. కొత్తది ఎక్కడో అద్దెకు తీసుకున్నది, రకమే వేరు. పాతదానికి తెలిసిన భాష కొత్తదానికి తెలియదు కాబట్టి ప్రతి పేజీనీ కూర్చుని తిరగరాయాలి. తేదీలో నెల ముందు వేసే అలవాటు పాతదానిది, రోజు ముందు వేసే అలవాటు కొత్తదానిది. ఆ ఒక్క తగువు తీర్చడానికే ఆమెకు కిందటి వారం మూడు రోజులు పట్టింది. వంద పైచిలుకు పేజీల్లో ఏవి ఉంచాలి, ఏవి పారేయాలి అని తేల్చుకోవడానికి ఇప్పుడు లాగ్ చూస్తోంది. ఎవరు ఏ పేజీని ఎప్పుడు తెరిచారో సర్వరు తనంతట తాను రాసుకునే చిట్టా అది.

అందులో పట్టుబడింది ఆ పేజీ. సైటులో ఏ మెనూలోంచీ దానికి దారి లేదు. అయినా రోజూ ఒకే ఒక్కరు తెరుస్తున్నారు. ఆదివారం లేదు, సెలవు లేదు, పొద్దున్న ఆరూ అయిదుకి, నిమిషం అటూ ఇటూగా. ఎప్పుడూ ఒకే చోటు నుంచి. లాగిన్ చూస్తే మాస్టారిది.

ఆ పాత పెట్టెని మొదటి నుంచీ చూసుకున్న మాస్టారు రిటైరై అయిదు నెలలైంది.

కుర్చీ ముందుకు లాక్కుంది పొట్టి. పొట్టి అన్న ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. టైపు నేర్చుకోవడానికి వచ్చిన మొదటి రోజు కుర్చీ మీద రెండు లావుపాటి పుస్తకాలు వేస్తే గానీ ఆమెకు మిషను అందలేదట. ఆ పేరు ఆమెతో పాటే ఉద్యోగంలోకి వచ్చింది, ఆ ఉద్యోగం చూపించిందీ ఆయనే. పేజీ లోపలి కోడ్ తెరిచింది. మొదటి లైన్లలో పాస్‌వర్డ్ అడగడం, తర్వాత దాతల పట్టిక మొత్తం తీసుకోవడం. వెయ్యి మంది పేర్లు, రక్తం గ్రూపులు, ఫోన్ నంబర్లు. అరవయ్యో లైను దగ్గర ఆమె ఆగిపోయింది. బయటి మనిషి రోజూ పొద్దున్నే వచ్చి దాతల నంబర్లన్నీ చూసిపోతున్నాడు! ఇంకేం చదవాలి? చదవలేదు.

మేనేజరు టేబుల్ మీద పెన్నులన్నీ ఒకే వైపు తల పెట్టుకుని పడుకుని ఉంటాయి. ఆమె చెప్పింది విని ఆయన ఒక పెన్ను తీసి, మళ్ళీ అదే చోట పెట్టాడు.

"రిటైరైన మనిషి! రోజూ వస్తున్నాడా లోపలికి?"

"రోజూ. ఆదివారాలు కూడా."

"చూశావా మరి. పదకొండేళ్ళు ఆ పెట్టెని ఎవర్నీ ముట్టుకోనివ్వనిది ఎందుకో ఇప్పుడు తెలిసింది."

"ఒకసారి ఆయన్నే అడిగితే..." అంది పొట్టి, అడిగీ అడగనట్టు.

"దొంగని పిలిచి ఎందుకొచ్చావయ్యా అని అడుగుతామా?"

దొంగ అన్న మాట వినగానే ఆమె తల ఎత్తాల్సింది. ఎత్తలేదు. మాస్టారి నంబరు ఆమె ఫోన్‌లో ఉంది, రెండు వేళ్ళు కదిపితే చాలు. కానీ అడిగితే ఆ కోడ్ తనకు అర్థం కాలేదని ఒప్పుకోవాలి. ఆయన గంటసేపు పాఠం చెబుతాడు. ఇంకోటి కూడా ఉంది, అది ఆమె తనకు తాను ఒప్పుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఈ భవనంలో ఆమె ఏం చేసినా 'మాస్టారి శిష్యురాలు కదా' అంటారు. ఆ మాస్టారు ఒక మెట్టు దిగుతాడంటే లోపల ఎక్కడో చిన్న మూల ఆమెకు హాయిగా అనిపించింది.

"శుక్రవారం ట్రస్టీలు వస్తున్నారు. ఈ సాయంత్రం కల్లా కొత్తదానికి మార్చెయ్. ఆ పేజీ మాత్రం కొత్తదాంట్లో ఉండకూడదు" అన్నాడు మేనేజరు.

మార్చేముందు ఆమె ఒక్క జాగ్రత్త పడింది. కేంద్రంలో పిల్లల ఒంట్లో రక్తం నిలవదు, మూడు వారాలకోసారి ఎక్కించాలి. అందుకని దాతలకి ఒకరోజు ముందే 'రేపు మీ వంతు' అని మెసేజ్ వెళ్తుంది. దాతలు ఇచ్చిన రక్తం పరీక్షలయ్యి మర్నాడు పిల్లలకి ఎక్కుతుంది. ఆ మెసేజ్‌లు ఎక్కణ్ణుంచి వెళ్తున్నాయని పాత పెట్టెలో వెతికింది. టైము ప్రకారం దానంతట అది చేసే పనుల్లో బ్యాకప్ ఒక్కటే కనిపించింది. పై అంతస్తుకి వెళ్ళి పెద్ద సిస్టర్‌ని అడిగింది.

"మెసేజ్‌లా? అవి ఆటోమేటిక్ కదా. మాస్టారే చెప్పారు" అంది సిస్టర్, చేతిలో థర్మామీటరు దులుపుతూ.

అయితే మెసేజ్‌ల కంపెనీ వాళ్ళే పంపుతున్నారు కాబోలు అనుకుంది. అనుకుని ఊరుకుంది. సాయంత్రం నాలుగింటికి సైటు కొత్త సర్వరు మీద లేచి నిలబడింది. పేజీలు కన్ను మూసి తెరిచేలోగా వస్తున్నాయి. రిసెప్షన్‌లో అమ్మాయి చప్పట్లు కొట్టింది.

*

మంగళవారం ఉదయం ఇంట్లో ఉండగానే ఫోన్ మోగింది. మొగుడు షర్టు ఇస్త్రీ చేసుకుంటూ తొంగి చూశాడు.

"మీ మాస్టారు. ఎత్తవా?"

"తర్వాత చేస్తాలే."

మళ్ళీ మోగింది. మూడోసారి మోగినప్పుడు మొగుడు ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఫోన్‌ని బోర్లా పెట్టి జడ వేసుకుంది.

ఆఫీసుకి వచ్చి లాగ్ తెరిస్తే, ఆరూ అయిదుకి మాస్టారి చోటు నుంచి పాత పేజీ కోసం ఒక ప్రయత్నం. 'పేజీ లేదు' అని కొత్త సర్వరు జవాబు. ఆరూ ఆరుకి మళ్ళీ. ఆరూ ఏడుకి మళ్ళీ. పధ్నాలుగు సార్లు. అప్పటికీ ఆగలేదు, ఎనిమిదింటికి ఇంకో చోటు నుంచి తొమ్మిది సార్లు. ఊళ్ళో ఏదో నెట్ సెంటరు అయ్యుంటుంది. తలుపు వేస్తే కిటికీ దగ్గరికి వచ్చినట్టు తోచింది ఆమెకి. రెండు చోట్లనీ అడ్డుకునేలా సర్వరులో రెండు లైన్లు రాసి, ఆ లాగ్‌ని ప్రింటు తీసి మేనేజరు చేతిలో పెట్టింది. ఆయన చదువుతూ చదువుతూనే గేటుకి ఫోన్ చేశాడు.

పదింటికి మాస్టారే వచ్చారు. పొట్టి మెట్ల మలుపులో కిటికీ దగ్గర ఉంది. ఎప్పటి చారల చొక్కా, భుజానికి గుడ్డ సంచి, నడకలో మాత్రం ఎప్పుడూ లేని తొందర. వాచ్‌మన్ ఆయనకి అడ్డంగా నిలబడ్డాడు. ఏదో అన్నాడు. మాస్టారు నవ్వబోయి ఆగిపోయారు. తర్వాత వాచ్‌మన్ ఆయన భుజం మీంచి సంచి తీసి, లోపల చెయ్యి పెట్టి కెలికాడు. కళ్ళజోడు డబ్బా, గొడుగు, ఏవో మాత్రల అట్ట బయటికి తీసి మళ్ళీ లోపల పడేశాడు. మాస్టారు చేతులు రెండూ పక్కకి పెట్టుకుని, పరీక్షలో కాపీ కొడుతూ దొరికిన పిల్లాడిలా నిలబడ్డారు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి వాచ్‌మన్‌కి ఇచ్చారు. పైకి, లోపలికి అని చేత్తో చూపించారు.

పొట్టి కిటికీ దగ్గర్నుంచి పక్కకి జరిగింది. కిందికి దిగడానికి పద్దెనిమిది మెట్లు. పైకి ఎక్కడానికి కూడా పద్దెనిమిదే. ఆమె పైకి ఎక్కింది.

కాసేపటికి మేనేజరు ఫోన్ చేశాడు. "మీ మాస్టారు కాగితం ఇచ్చి పోయాడు. చూస్తే అన్నీ మన దాతల పేర్లూ నంబర్లూ, స్వహస్తాలతో రాసుకున్నాడు. ఇంతకంటే రుజువేం కావాలి? ఫైల్లో పెడుతున్నా."

"అలాగే సార్" అంది. చూపించమని అడగలేదు.

*

బుధవారం ఉదయం రక్తం తీసే గదిలో ఆరు కుర్చీలూ ఖాళీ. పెద్ద సిస్టర్ సూదుల ట్రే సర్దుకుని పదకొండింటి దాకా కూర్చుంది. రోజూ ఈ పాటికి పది మందైనా చొక్కా చేతులు మడుచుకుని వరసలో ఉండేవారు.

"ఇవాళ ఒక్క పురుగు రాలేదమ్మా. ఊళ్ళో ఏమైనా గొడవా?" అని వచ్చి అడిగింది.

"మెసేజ్‌ల కంపెనీలో ఏదో ఆలస్యం అయ్యుంటుంది. కనుక్కుంటా" అంది పొట్టి. కంపెనీకి ఒక మెయిల్ రాసి, ట్రస్టీల కోసం మొదటి పేజీలో పిల్లల ఫొటోలు సరిచేస్తూ ఉండిపోయింది. మధ్యాహ్నం రెండింటికి ఇద్దరు దాతలు ఆయాసపడుతూ వచ్చారని తెలిసి, వస్తున్నారు కదా అని ఊపిరి పీల్చుకుంది. ఆ ఇద్దరు ఎలా వచ్చారో అడగాలని తోచలేదు.

గురువారం ఉదయం ఆమె పై అంతస్తు కారిడార్‌లోంచి పోతుంటే ఆరో నంబరు మంచం దగ్గర ఒకావిడ పిలిచింది. బట్టలు కుట్టే ఆవిడ, మెడలో కొలతల టేపుతో ఉన్నపళంగా వచ్చేసినట్టుంది. మంచం మీద తొమ్మిదేళ్ళ కూతురు గోడకి ఆనుకుని కూర్చుంది. స్వెట్టరు గుండీ పెట్టుకుంటోంది, అది రంధ్రంలోకి పోవడం లేదు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి, చెయ్యి ఒళ్ళో పడేసి కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెడుతోంది. పెదవులకీ బుగ్గలకీ రంగులో తేడా లేదు.

"అమ్మా, మీరు కంప్యూటర్ ఆవిడే కదా? రక్తం లేదంటున్నారు. ఇవాళ్టిది అయితే అయింది, రేపటికైనా వస్తుందా? దీనికి ఇంకో రెండ్రోజులు ఆగే ఓపిక లేదు తల్లీ."

"వస్తుందండీ, వస్తుంది" అంది పొట్టి. ఎలా వస్తుందో తెలియకుండానే అంది.

సిస్టర్ ఆమెను పక్కకి లాగింది. "ఉన్న రక్తంతో ముగ్గురికే ఎక్కించాం. ఇంకా ముగ్గురున్నారు. ఇవాళా ఎవరూ రాలేదు. నిన్న వచ్చిన ఆ ఇద్దరికీ మెసేజే రాలేదట తెలుసా? మాస్టారు ఫోన్ చేసి, బాబూ మీ వంతు, త్వరగా పొండి అంటే వచ్చారట. ఆయనకి కంఠతా వచ్చిన నంబర్లు ఆ రెండేనట పాపం. మాస్టారెందుకు చేస్తున్నారు ఫోన్లు?"

పొట్టి మెట్లు దిగి, మెట్ల కింద గది తాళం తీసి, సెలైన్ స్టాండ్లని పక్కకి నెట్టి, నేల మీద కూర్చుని పాత పెట్టెని తెరిచింది. అరవై ఒకటో లైను నుంచి చదవడం మొదలుపెట్టింది.

తొంభయ్యో లైను దగ్గర రేపటి తేదీ. నూట ఇరవై దగ్గర ఆ తేదీకి వంతు వచ్చిన దాతలని విడదీయడం. రెండు వందలు దాటాక ఒక్కొక్కరికీ మెసేజ్ పంపడం. అక్కడి నుంచి ఎల్లుండి వంతు వాళ్ళ పేర్లూ నంబర్లూ తెర మీద చూపించడం. ఆ పేజీ ఎవరి నంబర్లనీ దొంగిలించడం లేదు. ఆ పేజీని ఎవరైనా తెరిస్తేనే మెసేజ్‌లు వెళ్తాయి. తెరవకపోతే వెళ్ళవు. చివరి లైనుకి పైన మాస్టారు తనకోసం రాసుకున్న రెండు వాక్యాలున్నాయి. 'ఈ సర్వరులో టైముకి నడిపే ఏర్పాటు నా వల్ల కాలేదు. అయ్యేదాకా రోజూ చేత్తో తెరవాలి.' కింద తేదీ, పదకొండేళ్ళ కిందటిది.

నాలుగు వేల పొద్దులు. జ్వరమొచ్చినా, పెళ్ళిళ్ళకి పోయినా, రిటైరైనా. ఆరూ అయిదుకి లేచి ఆయన తెరిచిన పేజీని తను పారేసి, ఆయన వేలు మీద తలుపు వేసింది. ఆ గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది గానీ, అప్పటి తన మొహాన్ని ఆమె ఎవరికీ చూపించలేకపోయేది.

తర్వాత రెండు గంటలు ఆమె పరుగులే పరుగులు. జాబితా ప్రింటు తీసి తను సగం, సిస్టర్ సగం దాతలకి ఫోన్లు చేశారు. శుక్రవారం వాళ్ళ మెసేజ్‌లు చేత్తో పంపింది. మధ్యాహ్నం నుంచి మనుషులు రావడం మొదలైంది, ఉద్యోగాల్లోంచి, కొట్లోంచి, ఒకాయన అయితే తల సగం క్షవరంతో. కానీ పరీక్షలయ్యేదాకా ఆ రక్తం ఎక్కించడానికి లేదు. నాలుగున్నరకి ఆరో నంబరు పాప బాత్రూముకి పోతూ కారిడార్‌లో పడిపోయింది. నుదుటికి మూడు కుట్లు వేశారు. సూది గుచ్చితే ఏడ్చే ఓపిక కూడా పాపకి లేదు.

అయిదింటికి మేనేజరు గదిలోకి పోయి పొట్టి జరిగిందంతా చెప్పింది. ఆయన అప్పటికే ఒక కాగితం టైపు చేయించి ఉంచాడు.

"ఇందులో నీ తప్పేముంది? దాచిపెట్టింది ఆయన. చదువు."

'పాత ఉద్యోగి ఎవరికీ తెలియజేయకుండా వ్యవస్థలో దాచి ఉంచిన పేజీ కారణంగా దాతలకు సమాచారం అందలేదు.' కింద ఆమె హోదా, సంతకానికి ఖాళీ.

ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే మరీ సిగ్గుగా ఉంది. "సార్, నేను మొత్తం చదివి ఉంటే..." అని నీళ్ళు నమిలింది.

"రేపు ట్రస్టీలు అడుగుతారు, ఎవరు చేశారని. ఎవరో ఒకరి పేరు ఉండాలి కదమ్మా. ఆయనకి పోయేదేముంది, రిటైరయ్యాడు. నీకు ఇంకా సర్వీసు ఉంది."

ఆమె సంతకం చేసింది. మేనేజరు ఆ కాగితాన్ని పెట్టడానికి ఫైలు తెరిచాడు. పైనే మంగళవారం మాస్టారు ఇచ్చిన కాగితం, నంబర్ల వైపు కిందికి పడి ఉంది. పైకి కనిపిస్తున్న ఈ రెండో వైపు ఎవరూ చదివినట్టు లేదు. గుండ్రటి అక్షరాలు, టైపు క్లాసులో ఆమె పేపర్ల మీద మార్కులు వేసిన అక్షరాలే. 'పొట్టీ, బుధవారం వాళ్ళకి మెసేజ్ వెళ్ళలేదమ్మా. నంబర్లు వెనక ఉన్నాయి. ఫోన్లు చేయించు. ఆలస్యం చేయకు.'

సంతకం వెనక్కి ఇమ్మని అడగడానికి నోరు తెరిచింది. మేనేజరు ఫైలు మూసేశాడు. ఆమె నోరు కూడా మూసుకుపోయింది.

*

శుక్రవారం పొద్దున్న ఆరున్నరకల్లా మాస్టారి ఇంటి ముందుంది. తలుపు తీసింది మాస్టారి భార్య, పిన్నిగారు. ఎప్పుడూ "రావే పొట్టీ" అనే మనిషి, ఆ రోజు పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది, అంతే.

మాస్టారు కిటికీ పక్కన కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు. తెర నల్లగా ఉంది.

"వెళ్ళాయా?" అన్నారు, కూర్చోమని కూడా అనకుండా.

"వెళ్ళాయి మాస్టారూ. నిన్న చేత్తో పంపాను. సాయంత్రం కొత్త సర్వరులో టైము పెట్టాను. ఇవాళ ఆరూ అయిదుకి దానంతట అదే పంపింది."

"దానంతట అదేనా? ఎన్ని లైన్లు పట్టింది?"

పొట్టి తల దించుకుంది. "ఒక్క లైను."

"ఒక్క లైనా!" ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. చాలాసేపు తుడిచారు. "మంచిది. మంచిదే."

"మాకు ఎవరికైనా చెప్పి ఉంటే..." అనబోయి నాలుక కరుచుకుంది. ఎవరు ఎవరిని అడుగుతున్నారు!

"చెప్పాల్సింది. మొదట్లో అందరితో ఆటోమేటిక్ అనేశాను. వారం రోజుల్లో చేసేస్తాలే అనుకున్నా. చేతకాలేదు. తర్వాత చేతకాలేదని చెప్పడానికి నామోషీ. రిటైరైన రోజు నీకు చెబుదామని పిలిచాను, గుర్తుందా? 'నాకంతా అర్థమైంది మాస్టారూ, మీరు నిశ్చింతగా ఉండండి' అన్నావు. నా దగ్గర నేర్చుకున్న పిల్ల అంత ధీమాగా అంటుంటే, ఇది నాకు రాలేదమ్మా అని ఏ మొహంతో చెప్పను? సర్లే, నేనున్నన్నాళ్ళు నేనే తెరుస్తా, పోయేముందు చెబుతా అనుకున్నా."

పొట్టి గోడకి ఆనుకుంది. నిన్నటి కాగితంలో తను సంతకం చేసిన వాక్యాన్ని పొల్లు పోకుండా చెప్పింది. లాగ్ చూసి మేనేజరుకి చెప్పింది తనేనని, ఆయన దొంగ అంటే ఊరుకుందని కూడా చెప్పింది.

"దాచిన మాట నిజమే కదా" అన్నారు మాస్టారు. "వాచ్‌మన్ నా సంచి వెతికాడమ్మా. పదకొండేళ్ళు నేనూ వాడూ రోజూ కలిసి టీ తాగాం. వాడు నా కళ్ళలోకి చూడలేదు."

"నేను మెట్ల మీద కిటికీ దగ్గరే ఉన్నాను మాస్టారూ. చూశాను. చూసి కూడా..."

"కనిపించావు" అన్నారాయన.

ఆ ఒక్క మాటతో ఆమెకు తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది. కిటికీలోకి పొద్దు ఎక్కుతోంది, పిన్నిగారు లోపల గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. పాత పేజీ మొత్తం చదివానని, అది ఉన్న చోటే చిన్న పేజీ ఒకటి పెట్టానని, పేర్లూ నంబర్లూ ఉండవని, ఆ రోజు ఎన్ని మెసేజ్‌లు వెళ్ళాయో మాత్రం చూపిస్తుందని, ఆయన పాస్‌వర్డ్ పనిచేస్తుందని, అడ్డు తీసేశానని గబగబా చెప్పింది. ఆయన తెర వైపు తిరిగి కూర్చున్నారు. సరే అనలేదు, వద్దనలేదు.

*

తొమ్మిదింటికి కేంద్రానికి వచ్చేసరికి పై అంతస్తు కారిడార్‌లో నోటీసు బోర్డు మీద ఆ కాగితం అంటించి ఉంది, కింద తన సంతకంతో సహా. దాని ముందు నలుగురు నిలబడి చదువుతున్నారు. "ఎవరో పాత ఉద్యోగి చేసిన పనట" అంటున్నాడు ఒకాయన. "ఇంత మంది పిల్లల ఉసురు పోసుకుని ఏం బాగుపడతాడు!"

పొట్టి వాళ్ళ మధ్యలోంచి చెయ్యి పెట్టి కాగితం లాగేసింది. ఒక మూల చిరిగి బోర్డుకే ఉండిపోయింది. సిస్టర్ల టేబుల్ దగ్గర నిలబడే, వెనకవైపు పెన్నుతో రాసింది. అక్షరాలు చిన్నపిల్ల రాతలా వచ్చాయి. పెద్ద సిస్టర్ ఆమె భుజం మీంచి చదివి, మాట్లాడకుండా టేపు చింపి ఇచ్చింది.

అంటిస్తుంటే వెనక ఎవరో నిలబడ్డారు. బట్టలు కుట్టే ఆవిడ.

"ఏం రాశారమ్మా? కళ్ళజోడు తెచ్చుకోలేదు. చదవండి కాస్త."

ఇది పొట్టి ఊహించలేదు. అంటించి పారిపోదామనుకుంది. బోర్డు వైపు తిరిగి చదివింది. "మెసేజ్‌లు ఆగిపోవడానికి కారణం నేను. సైటు మార్చేటప్పుడు ఒక పేజీని పూర్తిగా చదవకుండా తీసేశాను. మాస్టారు పదకొండేళ్ళుగా రోజూ ఆ పేజీ తెరిచి మెసేజ్‌లు పంపారు. మంగళవారం ఇది చెప్పడానికి వస్తే ఆయన్ని గేటు దగ్గర ఆపించింది కూడా నేను చెప్పిన మాటే. ఆయన తప్పు చేశారని నిన్న సంతకం చేశాను. అది తప్పు."

వెనక ఆరో నంబరు మంచం మీద పాప నిద్రపోతోంది, నుదుటికి కట్టు, చేతికి ఎర్రటి గొట్టం. చుక్క చుక్కగా దిగుతోంది. తిట్టు కోసం ఎదురుచూస్తూ పొట్టి నిలబడింది. అది వస్తే ఎంతో కొంత తేలికవుతుందన్న ఆశ కూడా ఉందేమో.

"రేపటి పిల్లలకి వెళ్ళాయా మెసేజ్‌లు?" అంది ఆవిడ.

"వెళ్ళాయండీ."

"మరి ఆ పెద్దాయన్నే ఉంచకపోయారా?" అని, మెడలో టేపు సరిచేసుకుని కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

మేనేజరు వచ్చి బోర్డు చదివాడు. రెండుసార్లు చదివాడు. కింద అప్పటికే ట్రస్టీల కారు ఆగిన చప్పుడు. చింపడానికి చెయ్యి ఎత్తి, పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ పెద్ద సిస్టర్‌ని చూసి దించాడు. "సోమవారం నా గదికి రా, మాట్లాడదాం" అన్నాడు పొట్టితో.

*

శనివారం ఆరూ అయిదుకి పొట్టి ఇంట్లో కంప్యూటరు ముందుంది. మెసేజ్‌లు వెళ్ళాయి. ఆ చిన్న పేజీని మాత్రం ఎవరూ తెరవలేదు. ఆదివారమూ తెరవలేదు. "ఇంక పడుకోవచ్చు కదా, అదే పంపుతుందన్నావు" అన్నాడు మొగుడు దుప్పట్లోంచి. ఆమె ఆరున్నర దాకా లాగ్ చూస్తూ కూర్చుంది. రాకపోవడం ఆయన ఇష్టం, రమ్మనే మొహం తనకు లేదు.

సోమవారం ఆరూ అయిదుకి లాగ్‌లో ఒక లైను కదిలింది. అదే చోటు, అదే లాగిన్. పేజీ తెరుచుకుంది. 'ఈ రోజు పదకొండు మెసేజ్‌లు వెళ్ళాయి.' ఆరూ ఆరుకి మళ్ళీ తెరిచారు. ఆరూ ఏడుకి మళ్ళీ.

ఫోన్ మోగింది. మొదటి మోత సగంలోనే ఎత్తింది.

"పొట్టీ, పదకొండేమిటమ్మా? రేపు మంగళవారం. పన్నెండు మంది ఉండాలే."

"మెసేజ్ వెళ్ళిన జాబితాలో పదకొండే ఉన్నారు మాస్టారూ. నేను రెండుసార్లు లెక్కపెట్టాను."

"గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నాడా?"

ఆమె వెతికింది. "లేరు."

"ఆయనకి సెల్లు లేదమ్మా, ఇంటి ఫోనే. దానికి మెసేజ్ పోదు. అలాంటి వాళ్ళ పేర్లు పేజీలో అడుగున ఎర్రగా వచ్చేవి. చూసి నేను ఫోన్ చేసేవాణ్ణి. మూడు వందల తొంభయ్యో లైను దగ్గర రాశాను, చూడు. చదివానన్నావు కదా?"

చదివింది. గురువారం, నేల మీద కూర్చుని, కంగారులో. ఎర్ర రంగు గురించి ఏదో ఉంటే, అలంకారమనుకుని దాటేసింది. అటువైపు ఆయన ఎదురుచూస్తున్నారు, విసుగు లేకుండా. టైపు క్లాసులో ఆమె తప్పు కొట్టినప్పుడల్లా ఇలాగే ఎదురుచూసేవారు.

"చదవలేదు మాస్టారూ. చదివాననుకున్నాను."

"సరే, ముందు ఆయనకి ఫోన్ చెయ్. ఎనిమిదికల్లా కొట్టుకి వెళ్ళిపోతాడు. చేశాక నాకు చెయ్. లైనులోనే ఉంటాను, చదువుకుంటూ వద్దాం."

గడియారాలాయనకి ఫోన్ చేసింది. రేపు వస్తానన్నాడు. మేనేజరు గదికి పోవడానికి ఇంకా మూడు గంటలుంది. మళ్ళీ మాస్టారికి ఫోన్ చేసి, పక్కన పెట్టుకుని, పాత పేజీ కోడ్ తెరిచి, మొదటి లైను నుంచి ఆయనకి వినిపించేలా చదవడం మొదలుపెట్టింది.